అమ్మ కువైట్‌లో, పిల్లలు నాయనమ్మ దగ్గర: కుటుంబ ప్రార్థనలో పాప నోరు మెదపడం లేదు

ప్రశ్న: వశిష్ఠ గట్టు (నరసాపురం ప్రాంతం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది నరసాపురానికి దగ్గరలో, వశిష్ఠ గోదావరి గట్టు పక్కన ఉన్న పల్లె. ఇంట్లో నేను, మా అమ్మ, 11 ఏళ్ల పాప, ఆరేళ్ల బాబు ఉంటాము. నా భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. నేను చేపల చెరువు మీద మేత పని చూసుకుంటాను కాబట్టి తెల్లవారకముందే వెళ్లిపోతాను. పిల్లలతో తీరిగ్గా కూర్చునేది రాత్రి పూట మాత్రమే. అందువల్ల మా పిల్లలకు భక్తి విషయంలో మేము నేర్పేది ఏదైనా ఉంటే అది రాత్రి ఎనిమిది గంటల కుటుంబ ప్రార్థనలోనే నేర్పాలి. ఒక పాట పాడతాము, ఒక అధ్యాయం చదువుతాము, నేను ప్రార్థన చేస్తాను, చివర అందరమూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతాము. అప్పటికి కువైట్‌లో సాయంత్రం ఐదున్నర కాబట్టి, పని చేసే ఇంటివారు పిలవకపోతే నా భార్య కూడా ఫోనులో కలుస్తుంది.

ఇటీవల ప్రార్థన మధ్యలో పాప ఒక మాట అడిగింది. "అమ్మ తొందరగా వచ్చేయాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాం కదా నాన్నా, అప్పు తీరాకే వస్తుందని నాయనమ్మ చెబుతోంది. అలాంటప్పుడు దేవుణ్ణి అడగడం ఎందుకు, అప్పిచ్చినాయన్నే అడగవచ్చు కదా?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మా అమ్మ మాత్రం "దేవుణ్ణి అలా ప్రశ్నించకూడదు, కళ్లు పోతాయి" అని గదమాయించింది. ఆ రాత్రి నుంచి పాప వచ్చి కూర్చుంటుంది గాని పాట పాడదు, ప్రార్థనలో గొంతు కలపదు. సండే స్కూలులో కంఠత వాక్యాలకు బహుమతులు తెచ్చుకునే పిల్ల. 23వ కీర్తన ఒక్క అక్షరం తప్పకుండా చెప్పగలదు. బాబు సంగతి వేరు, అధ్యాయం సగానికి రాకముందే నిద్రపోతాడు.

పాపను గట్టిగా చెప్పి పాడించడం మంచిదా, కొంతకాలం వదిలేయడం మంచిదా? ఆ ప్రశ్నకు 11 ఏళ్ల పిల్లకు ఏమని జవాబు చెప్పాలి? పిల్లలతో పనిచేసిన అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.


జవాబు: అమలాపురం టీచరమ్మ

వందనాలండి. నేను ఉద్యోగ విరమణ చేసిన బడి పంతులమ్మను. మా సంఘంలో చాలా ఏళ్లుగా ఆదివార బడి కూడా చూస్తున్నాను. ముందుగా, మీరు కంగారు పడవలసిన పని లేదు. రోజూ అడుగుతున్న దానికి జవాబు వస్తుందని నిజంగా నమ్మిన పిల్లే జవాబు ఎందుకు రాలేదని అడుగుతుంది. నమ్మకం లేని పిల్లలు ఏమీ అడగరు. బుద్ధిగా కళ్లు మూసుకుని, ఆమేన్ అని లేచి వెళ్లిపోతారు, మనమేమో వారిని చూసి సంతోషిస్తాము.

దేవుణ్ణి ప్రశ్నించకూడదనే మాట పెద్దలు భక్తితోనే అంటారు గాని, కీర్తనలు రాసినవారు ఆ నియమం పాటించలేదు. 13వ కీర్తనలో దావీదు మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం, ఎంతకాలం అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఆరే వచనాలున్న కీర్తన అది. ఈ రాత్రి అధ్యాయానికి బదులు దానిని పాప చేతనే చదివించండి, చదివాక వివరించకుండా ఊరుకోండి. తన మాట బైబిలులోనే ఉందని ఆ పిల్ల స్వయంగా చూడడం అన్నిటికంటే ముందు జరగాలి.

పిల్లలకు నేర్పడం గురించి మాట్లాడే ప్రతివారూ ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఎత్తుతారు. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటిని గురించి మాట్లాడమన్న వచనం అందరికీ నోటికి వచ్చు. అదే అధ్యాయం చివర 20వ వచనంలో కుమారుడు తండ్రిని ప్రశ్న అడుగుతాడు, ఆ సంగతి ఎవరూ చెప్పరు. నిర్గమకాండము 12లో పస్కా ఆచారం గురించి పిల్లలు అడుగుతారని ఉంది. యెహోషువ 4లో యొర్దాను నది నడుమ నుంచి 12 రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టినది కూడా, ఈ రాళ్లు ఎందుకని ముందు ముందు పిల్లలు అడుగుతారనే. మూడు చోట్లా మొదట నోరు తెరిచేది పిల్లలే, మూడు చోట్లా పెద్దలు చెప్పవలసిన జవాబు తమ ఇంటివారికి నిజంగా జరిగిన సంగతే. కాబట్టి మీ ఇంట్లో ఆ రాత్రి పాఠం చెడిపోలేదండి, అప్పుడే మొదలైంది.

ఇక జవాబు సంగతి. "దేవుని సమయం ఇంకా రాలేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చకండి; ఆ మాట నిజమే కావచ్చు గాని, ఆ వయసు పిల్లకు అది నోరు మూయించే మాటలాగే వినిపిస్తుంది. అప్పు సంగతి ఆ పిల్లకు సగం తెలుసు కాబట్టి మిగిలిన సగం మీరే చెప్పండి: ఎందుకు చేయవలసి వచ్చింది, ఎంత తీరింది, అమ్మ ఒప్పందం ఎప్పటి వరకు ఉంది. చెప్పాక, అప్పు తీర్చడానికి అమ్మా నాన్నా పని చేస్తున్నారని, ఆ పనికి బలమూ అమ్మకు క్షేమమూ దేవుణ్ణి అడుగుతున్నామని, అమ్మ ఏ రోజున వస్తుందో మీకు కూడా తెలియదని ఉన్నదున్నట్టు చెప్పండి. తండ్రి "నాకు తెలియదు" అన్నంత మాత్రాన పిల్లల విశ్వాసం పడిపోదు. గెత్సేమనే తోటలో ప్రభువే రాబోయే శ్రమ అనే గిన్నె తన దగ్గర నుంచి తొలగించమని అడిగాడని, అది తొలగలేదని, అయినా అడగడం తప్పు కాలేదని కూడా ఆ వయసు పిల్లకు అర్థమవుతుంది.

పాడమని బలవంతం చేయకండి. పాడకపోయినా వచ్చి కూర్చుంటున్నది కదా, అది చిన్న విషయం కాదు. ఆమెకు ఏదైనా పని అప్పగించండి. ఏ భాగం చదవాలో వారానికి కొన్ని రోజులు ఆమెనే నిర్ణయించనివ్వండి.

మీ అమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. మీరు చెరువు మీద ఉన్నంతసేపూ పిల్లల దగ్గర ఉండేది ఆవిడే. పౌలు శిష్యుడైన తిమోతికి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16లో ఉంది. పౌలు మాత్రం తిమోతిలో ఉన్న విశ్వాసం మొదట అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉందని రెండవ పత్రికలో రాశాడు. మీ వైపు ఇళ్లలో ఆడవాళ్లు మధ్యాహ్నం పూట లేసు అల్లుతూ అరుగుల మీద కూర్చుంటారు కదా, మీ అమ్మగారికి కూడా ఆ పని ఉంటే పాపను పక్కన కూర్చోబెట్టండి. చేతులు సూది మీద, చూపు దారం మీద ఉన్నప్పుడు పెద్దవాళ్లు తమ కష్టాల సంగతులు తేలిగ్గా చెబుతారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పమంటే చెప్పరు. తుపాను నాటి సంగతో, తిండికి జరగని రోజుల సంగతో, అప్పుడు తాను ఏమని ప్రార్థన చేసిందో ఆవిడ నోటి నుంచే రానివ్వండి. "కళ్లు పోతాయి" అన్న ఆవిడకు కూడా దేవుణ్ణి నిలదీసిన రాత్రి ఒకటి తప్పక ఉండి ఉంటుంది.

బాబుకు అధ్యాయాలు వద్దు. సార్వా కోతలు వస్తున్నాయి కాబట్టి ఒక సాయంత్రం వాణ్ణి చేలోకి తీసుకువెళ్లండి. కోత యంత్రం మడి మూలల్లో తిరగలేదు. అక్కడ మిగిలిపోయిన దుబ్బులను కొడవలితో కోస్తారు. ఆ మూల దగ్గర వాణ్ణి నిలబెట్టి, పొలం అంచుల వరకు పూర్తిగా కోయకుండా బీదలకు విడిచిపెట్టమని లేవీయకాండము 19లో ఉన్న ఆజ్ఞ చెప్పి, రూతు పరిగె ఏరుకున్న కథ అక్కడే చెప్పండి. రాలిన వెన్నులు నాలుగు వాడి చేత ఏరించండి. ఆరేళ్లవాడికి ఆ పూటకు అంతకు మించి అక్కరలేదు.


జవాబు: భీమవరం లూథరన్

టీచరమ్మగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మన సంఘాల్లో చాలామంది తండ్రులు పిల్లలకు నేర్పే పని సండే స్కూలుకు ఒప్పగించి ఊరుకుంటారు. ఇంగ్లండులోని గ్లౌస్టర్ పట్టణంలో 1780లో రాబర్ట్ రైక్స్ అటువంటి బడులకు ఊపు తెచ్చినప్పుడు, వారమంతా పనిచేసి ఆదివారం వీధుల్లో తిరిగే బీద పిల్లలకు చదువూ దేవుని మాటా నేర్పడం ఆయన ఉద్దేశం. ఇంట్లో తల్లిదండ్రులు చేయవలసిన పనిని అక్కడికి మార్చడం కోసం ఆ బడులు పుట్టలేదు. అంతకు చాలా ముందే, జర్మనీలోని సాక్సనీ గ్రామాల్లో విశ్వాసులకు పది ఆజ్ఞలు కూడా రావని కళ్లారా చూసిన సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో చిన్న ప్రశ్నోత్తర బోధ రాశాడు. అందులో ప్రతి ముఖ్య భాగం మొదట్లోనూ ఇంటి పెద్ద తన ఇంటివారికి దీనిని సులువుగా ఏ విధంగా నేర్పాలో అని ఉంటుంది; ప్రతి ఆజ్ఞ తరువాత దీనికి అర్థమేమిటన్న ప్రశ్న ఉంటుంది. అది పాస్టర్ల కోసమే రాసినది కాదు, మీవంటి తండ్రుల కోసం కూడా.

అయితే ఇంటి పెద్ద అన్నంత మాత్రాన ప్రసంగం చేయనక్కరలేదు. మీ రాత్రి ప్రార్థన ఎటువంటి మాటలతో సాగుతుందో మీరు రాయలేదు గాని, మనలో చాలామందికి ప్రార్థన మొదలుపెట్టగానే గొంతూ భాషా మారిపోతాయి. "పరిశుద్ధుడవైన తండ్రీ" అని ఎత్తుకుని, ఆదివారం వేదిక మీద విన్న మాటలే వరుసగా చెప్పి ముగిస్తాము. పిల్లలకు ఆ మాటల్లో నాన్న కనిపించడు. నాకూ చెరువుల పని తెలుసు. మబ్బు పట్టి గాలి ఆడని రాత్రి నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే కాపలా మనిషి గుండె ఏ విధంగా కొట్టుకుంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అటువంటి రాత్రి ఆ భయాన్నే, ఆ మాటల్లోనే పిల్లల ముందు దేవునికి చెప్పండి. మరునాడు సంగతి ఏమైందో, బాగా జరిగినా జరగకపోయినా, అదే పిల్లలకు చెప్పండి. ప్రార్థన అంటే ఏమిటో వారికి ఆ రెండు పూటల్లో తెలిసినంతగా ఏడాది పాఠాల్లో తెలియదని నా అభిప్రాయం.


జవాబు: పాలకొల్లు విశ్వాసి

పై ఇద్దరి మాటల్లో మంచి ఉంది గాని, ఒక విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. పిల్లల ప్రశ్నలే అన్నిటికీ మొదలు అనుకుంటే, పిల్లలు ఏమీ అడగని నెలల్లో ఏమి చేస్తారు? క్రమం అనేది పిల్లల మనసు బాగున్న రోజుల కోసం ఏర్పడినది కాదు. రాత్రి ఎనిమిదింటికి ఆ ఇంట్లో చాప పరుస్తారన్నది పిల్లలకు అన్నం వేళ తెలిసినట్టే తెలిసి ఉండాలి. పాప పాడినా పాడకపోయినా మీరు పాడండి, బాబు నిద్రపోతే నిద్రపోనివ్వండి, కూడిక మాత్రం ఆపకండి.

కంఠత వాక్యాలను తేలిక చేయడం కూడా ఈ మధ్య కొందరికి అలవాటైంది. 1836లో విలియం బౌడన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు ఇంగ్లండు నుంచి వచ్చి మన నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో కూలీల మధ్యకు వెళ్లి చెప్పారు. అప్పుడు విన్నవారిలో చదువు రానివారు ఎందరో ఉన్నారు. వారికి చేతిలో పుస్తకం లేదు, ఉన్నా చదవలేరు. చెవిన పడిన వాక్యమూ, గొంతుకు పట్టిన పాటా మాత్రమే వారి ఆస్తి. దానితోనే వారు పిల్లలను పెంచారు, ఆ పిల్లల సంతానమే మనము. వృద్ధాప్యంలో సొంత బిడ్డల పేర్లు మరచిపోయినవారు కూడా చిన్నప్పుడు నేర్చిన కీర్తన మొదటి మాట అందించగానే చివరి దాకా చెప్పడం నేను ఎన్నో మంచాల పక్కన చూశాను. మీ పాపకు 23వ కీర్తన అర్థం ఈ రోజున తెలియకపోతే నష్టమేమీ లేదు. అది లోపల ఉంటే చాలు, అవసరం వచ్చిన రోజున బయటికి వస్తుంది.

బలవంతం విషయంలో మాత్రం టీచరమ్మగారి మాటే నా మాట. పిల్లల మనసు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపవద్దని కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో తండ్రులకే చెప్పి ఉంది. ఇంకొకటి: ప్రార్థన వేళ పాటకు బదులు ఫోనులో వీడియో పెట్టి పిల్లల ముందు ఉంచే ఇళ్లు పెరుగుతున్నాయి. గాయకుడు ఎంత బాగా పాడినా, శృతి తప్పిన నాన్న పాట పిల్లలకు అవసరం.


వశిష్ఠ గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక్క విషయం సరిచేస్తాను: కూడిక ఆపే ఆలోచన నాకు లేదు. ప్రార్థనలో నా భాష గురించి లూథరన్ సోదరులు రాసినది చదివి నవ్వుకున్నాను, వారు ఎత్తిరాసినది సరిగ్గా నా మొదటి వాక్యమే.

ఇదే సందర్భంలో ఇంకొకటి అడుగుతాను. వినాయక చవితికి పాప తరగతి స్నేహితురాలు పందిరి దగ్గర పంచిన లడ్డు తెచ్చి పెట్టింది. పాప వద్దంటే ఆ అమ్మాయి నొచ్చుకుని కొన్నాళ్లు మాట్లాడలేదట. ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. పక్కింటివారు ప్రతి ఏడూ మాకు అరిసెలు పంపుతారు, మేము క్రిస్మస్‌కు వారికి కేకు పంపుతాము. ఏది తినవచ్చు, ఏది తినకూడదు అని పాప అడిగితే మా అమ్మ అన్నీ ఒకటే అంటుంది, నేను అన్నీ ఒకటి కావు అంటాను. మా ఇద్దరి మధ్యా పిల్ల నలుగుతోంది.


జవాబు: అమలాపురం టీచరమ్మ

ఈ విషయంలో సంఘానికీ సంఘానికీ, ఒకే సంఘంలో ఇంటికీ ఇంటికీ తేడా ఉంటుంది, కాబట్టి ముందు మీరూ మీ అమ్మగారూ పిల్లలు లేనప్పుడు మాట్లాడుకుని ఒక మాట మీదికి రండి. పౌలు కాలంలో కొరింథు సంఘానికి వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. విగ్రహం వట్టిదని 1 కొరింథీయులకు 8వ అధ్యాయంలో ఒప్పుకుంటూనే, ఎదుటివాడి మనస్సాక్షికి దెబ్బ తగలకూడదన్నాడు. 10వ అధ్యాయంలో, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే విచారణ చేయకుండా పెట్టినది తినమన్నాడు; ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి కోసం తినవద్దన్నాడు. నా వరకు నేను ఆ రెండు వచనాల మధ్యే నడుస్తాను. పక్కింటి పొయ్యి మీద వండి, పొరుగువారన్న ప్రేమతో పంపిన అరిసె అరిసే. పూజలో నైవేద్యం పెట్టి తెచ్చినదని చెప్పి ఇచ్చినది నేను తీసుకోను. కొందరు రెండూ తీసుకోరు, వారిని నేను తప్పుపట్టను.

పిల్లలకు నేను ఎక్కువగా నేర్పేది వద్దనే పద్ధతి. దానియేలు రాజభోజనం వద్దన్నప్పుడు పళ్లెం తోసివేయలేదు. అధికారిని బతిమాలుకున్నాడు, పది రోజులు పరీక్షించి చూడమని మర్యాదగా అడిగాడు, ఆయనకు ఇబ్బంది రాకుండా దారి చూపాడు. మీ పాప "మీరు దేవునికి పెట్టినది మేము తినమే, నువ్వు నాకోసం తెచ్చావు కాబట్టి థాంక్సే, రేపు ఇద్దరం బండి దగ్గర ఏదైనా కొనుక్కుందాం" అని ఉంటే ఆ అమ్మాయి అంతగా నొచ్చుకునేది కాదేమో. ఆ మాటలు పిల్లలకు అప్పటికప్పుడు తట్టవు. ఇంట్లో ముందుగా ఒకసారి అనిపించి చూడాలి. ఇతరుల దేవుళ్లను ఎగతాళి చేసే మాట మాత్రం మన ఇళ్లలో పెద్దల నోట కూడా రాకూడదు. పిల్లలు బడిలో వల్లించేది పెద్దల నోట విన్న మాటలనే.


జవాబు: కువైట్ నుంచి ఒక తల్లి

అన్నా, వందనాలు. నాది సఖినేటిపల్లి వైపు. నేను కూడా ఇక్కడ ఇంటిపనిలోనే ఉన్నాను, నా పిల్లలు మా అమ్మ దగ్గర ఉన్నారు. అందరూ పాప గురించి రాశారు, నేను ఫోనుకు అవతల ఉన్న మనిషి గురించి రాస్తాను.

ఎనిమిది గంటల ప్రార్థనలో మీ ఇంట్లో ఏమి జరుగుతుందో గాని, మా ఇంట్లో మొదట్లో ఇలా జరిగేది. ఫోను నిలబెట్టి, "అమ్మ కోసం ప్రార్థన చెయ్యి, అమ్మ చూస్తోంది" అని పిల్లలను ముందుకు తోసేవారు. వాళ్లు ఏడిస్తే నేను ఏడిచేదాన్ని, అందరూ ఏడిచి ముగించేవాళ్లం. పిల్లలకు ప్రార్థన అంటే అమ్మ లేదని గుర్తు చేసే గంట అయిపోయింది. ఆ తరువాత పద్ధతి మార్చాము. ప్రార్థనకు ముందు కాసేపు మామూలు కబుర్లు ఉండాలని, బడిలో ఎవరు కొట్టుకున్నారో, కూర ఏమి వండారో చెప్పుకోవాలని పెట్టుకున్నాము. ప్రార్థనలో పిల్లలు నా కోసం అడగడమే కాకుండా నేను వాళ్ల కోసం అడగడం, వాళ్లు వినేలా, పేరు పేరునా, ఆ రోజు వాళ్లు చెప్పిన సంగతుల మీదనే అడగడం మొదలైంది. లెక్కల పరీక్ష గురించి అమ్మ అంత దూరం నుంచి దేవునికి చెప్పడం విన్నప్పుడు పిల్ల ముఖం ఎలా ఉంటుందో మీరే చూస్తారు. పని ఉండి ఆ వేళకు కలవలేని రోజున వాయిస్ మెసేజ్ పెడతాను, మరునాడు వాళ్లే వేసుకుని వింటారు.

ఇక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే. సెలవు ఇచ్చే ఇల్లు దొరికినవాళ్లే వెళ్లగలరు, మిగిలినవాళ్లు వంటగదిలో గొంతు తగ్గించి పాడుకుంటారు. ఈ సంగతులు మీ భార్య చేత పాపకు చెప్పించండి. అమ్మ కూడా కొన్ని అడిగిందని, కొన్ని దొరికాయని, కొన్ని దొరకలేదని అమ్మ నోటి నుంచే వింటే ఆ పిల్లకు జవాబు సగం దొరుకుతుంది. పాప అడిగిన ప్రశ్న మీ భార్యకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే దాచకండి. దూరాన ఉన్నవాళ్లకు మంచి కబురు మాత్రమే చెప్పాలనుకోవడం మాకు మేలు చేయదు.

1 సమూయేలు 2వ అధ్యాయంలో, షిలోహు మందిరంలో విడిచి వచ్చిన కొడుకు సమూయేలుకు హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేదని ఉంది. ఏటేటా కుట్టాలంటే వాడు ఎంత పొడుగు ఎదిగాడో తల్లికి తెలియాలి కదా. కార్గోలో బట్టలు పంపే ముందు మా అమ్మ చేత పిల్లల కొలతలు తీయించి అడుగుతాను. ఆ కథ మా పిల్లలకు అలా తెలుసు.

ఒక్క మాట మాత్రం ఎవరూ అనకుండా చూడండి: "నువ్వు ప్రార్థన చేయకపోతే అక్కడ మీ అమ్మకు ఏమవుతుందో" అని. మా ఊళ్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. నాకు ఇక్కడ జ్వరం వచ్చినప్పుడు మా చిన్నది తన వల్లనే వచ్చిందని అనుకుని రెండు రోజులు అన్నం తినలేదు.


వశిష్ఠ గట్టు

చెల్లమ్మా, నీ మాట ప్రకారం నా భార్యకు సంగతంతా చెప్పాను. ఆమె పాపతో విడిగా చాలాసేపు మాట్లాడింది; ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. అప్పు లెక్క నేను కాగితం మీద వేసి చూపించాను. వడ్డీ ఎందుకు పెరుగుతుందని అడిగింది, అదీ చెప్పాను. మా అమ్మ మాత్రం పిల్లలకు అప్పుల లెక్కలు చెప్పడం ఏమిటని ఇంకా గొణుగుతోంది.

13వ కీర్తన పాప చేత చదివించాము. చదివి, పుస్తకం మూయకుండా మళ్లీ మొదటికి వెళ్లి, "నాలుగో వచనం దాకా ఏడుస్తూనే ఉన్నాడు, ఐదో వచనంలో సంతోషంగా ఉన్నాడు, ఈ మధ్యలో ఏమి జరిగింది? దేవుడు వచ్చాడా, అప్పు తీరిందా?" అని అడిగింది. టీచరమ్మగారూ, దీనికి ఏమి చెప్పమంటారు?


జవాబు: అమలాపురం టీచరమ్మ

మంచి ప్రశ్న అడిగిందండి. ఆ మధ్యలో ఏమి జరిగిందో కీర్తనలో లేదు, కాబట్టి మీరు కల్పించి చెప్పవద్దు. శత్రువు పోయినట్టు గాని, కష్టం తీరినట్టు గాని అక్కడ ఒక్క మాటా లేదు. దేవుని కృపయందు నమ్మిక ఉంచానని మాత్రమే ఉంది. దావీదు ఆ రెండు వచనాలూ ఒకే రాత్రి రాశాడో, మధ్యలో ఎన్నాళ్లు గడిచాయో మనకు తెలియదని చెప్పి, నీకేమి అనిపిస్తోందని పాపనే అడగండి. ఏమి చెప్పినా దిద్దకండి.

తరువాత 42వ కీర్తన చదివించండి, అందులో మనిషి తన ప్రాణాన్ని తానే ఎందుకు క్రుంగియున్నావని నిలదీస్తాడు. ఆ పైన 22వది. దాని మొదటి మాట ప్రభువు సిలువ మీద పలికినదని శ్రమల దినాల్లో ఆమె విని ఉంటుంది. 88వది ఇప్పుడే వద్దు. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర సంతోషం రాదు; ఇంకో రెండు మూడేళ్లు ఆగి, మీరు పక్కన కూర్చుని చదివించండి. మీ అమ్మగారి గొణుగుడు గురించి బెంగ వద్దు. 42వ కీర్తన ఆవిడ చేతనే చదివించండి, కళ్లజోడు పెట్టుకుని చదవగలరు కదా?